అధికారం కోసం అన్నదమ్ములు చంపుకోవడానికి దురాశ ఒక్కటే కారణమా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: చరిత్ర పుస్తకం తెరిచినా, కావ్యమో నాటకమో తెరిచినా అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, రాజూ మంత్రీ గద్దె కోసం ఒకరినొకరు చంపుకుంటూనే కనిపిస్తారు. మనుషుల దురాశ తప్ప దీనికి వేరే కారణం ఉందా? కథల్లో చెప్పినట్టే నిజంగా జరిగిందా?

సూటిగా చెబుతాను. దురాశ అన్ని వంశాల్లోనూ ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. అన్నిచోట్లా ఉన్నది ఒకచోటే యుద్ధం ఎందుకు వచ్చిందో చెప్పలేదు కదా. ఒక రాజ్యంలో తమ్ముడు అన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇంకో రాజ్యంలో కత్తి దూశాడు అంటే నేను రెండు విషయాలు చూస్తాను. రాజు తర్వాత ఎవరు అన్నదానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఉందా? సైన్యం, జీతాల డబ్బు, ముద్ర, రాజు గది తలుపు ఎవరి చేతిలో ఉన్నాయి? చాలా రక్తపాతాలు ఈ రెండిటితోనే అర్థమైపోతాయి. సాహిత్యం మాత్రం ఈ లెక్కల జోలికి పెద్దగా పోదు, మనసులోకి వెళ్తుంది. పైగా చాలాసార్లు గెలిచినవాళ్ళ నీడలో కూర్చుని రాసింది. అందుకే రెండూ చదవాలి గానీ ఒకేలా చదవకూడదు.

నేను డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. మొఘల్ వారసత్వ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా క్లాసు రెండు ముక్కలవుతుంది. దారా షికో మంచివాడు, ఔరంగజేబు దుర్మార్గుడు అని కొందరు, ఔరంగజేబు సమర్థుడు, దారా పుస్తకాల పురుగు అని ఇంకొందరు. కాసేపు వాదించుకోనిచ్చి, బోర్డు మీద దేశపటం గీయిస్తాను. 1657 సెప్టెంబరులో షాజహాన్ మంచాన పడేసరికి ఎవరెక్కడున్నారో పెట్టమంటాను. పెద్దవాడు దారా తండ్రి దగ్గర ఆస్థానంలో. షూజా బెంగాల్‌లో. ఔరంగజేబు దక్కన్‌లో. మురాద్ గుజరాత్‌లో. పటం మీద నాలుగు పేర్లు పడగానే క్లాసులో వాదన మారిపోతుంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సుబా (రాష్ట్రం), దాని ఆదాయం, దాని సైన్యం. మొఘలుల్లో పెద్దకొడుకుకే గద్దె అన్న కట్టుబాటు లేదు. ఓడినవాడికి బతుకు మీద భరోసా లేదు. అంటే ఏ కొడుకైనా ఊరుకుంటే చావుకు సిద్ధపడి ఊరుకోవాలి.

ఇక దారా ఏం చేశాడో చూడండి. తండ్రి జబ్బు సంగతి బయటికి పొక్కకుండా దారులు కట్టడి చేయించాడు, తమ్ముళ్ళ తరఫున ఆస్థానంలో ఉన్న వకీళ్ళ (ప్రతినిధుల) మీద నిఘా పెట్టాడు. దానివల్ల జరిగింది సరిగ్గా వ్యతిరేకం. కబురు రాకపోవడంతో తండ్రి పోయాడనీ, దారా దాచిపెడుతున్నాడనీ పుకారు లేచింది. షూజా రాజమహల్‌లో, మురాద్ అహ్మదాబాద్‌లో పట్టం కట్టేసుకున్నారు. షాజహాన్ అప్పటికి కోలుకుంటున్నాడు, బతికే ఉన్నాడు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు, తగ్గితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 1658లో ధర్మత్, ఆ తర్వాత సాముగఢ్ యుద్ధాలు గెలిచాక ఔరంగజేబు ఆగ్రా కోటకు వచ్చాడు. గోడలు బద్దలు కొట్టే పని పెట్టుకోలేదు. యమున నుంచి కోటలోకి నీళ్ళు వెళ్ళే దారి మూయించాడు. లోపల బావుల నీళ్ళు ఉప్పగా ఉండేవి. వేసవికాలం. తాజ్‌మహల్ కట్టించిన చక్రవర్తి కొద్దిరోజుల్లో తలుపులు తెరిచాడు, 1666లో చనిపోయేదాకా ఆ కోటలోనే బందీగా ఉన్నాడు. మరి కొన్నాళ్ళకు మురాద్‌ని విందుకు పిలిచి, తాగించి, నిద్రలో ఉండగా ఆయుధాలు తీయించి బంధించారు.

షాజహాన్ మీద జాలిపడే ముందు ఇంకో ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళండి. 1627లో జహంగీర్ చనిపోయినప్పుడు షాజహాన్ దక్కన్‌లో ఉన్నాడు. నూర్జహాన్ తన అల్లుడు షహర్యార్‌ని గద్దె ఎక్కించాలనుకుంది. ఆమె సొంత అన్న ఆసఫ్ ఖాన్ మాత్రం షాజహాన్‌కి పిల్లనిచ్చిన మామ. తన అల్లుడు షాజహాన్ వచ్చేదాకా గద్దె ఖాళీగా ఉండకూడదని దావర్ బక్ష్ అనే కుర్రవాణ్ణి తాత్కాలికంగా కూర్చోబెట్టాడు. షాజహాన్ బయల్దేరాక దావర్ బక్ష్, షహర్యార్, ఇంకొందరు రాకుమారులు ప్రాణాలతో మిగల్లేదు. తండ్రి మీద తిరుగుబాటు షాజహాన్ 1622లోనే చేశాడు. ఆ జహంగీర్ కూడా సలీంగా ఉన్నప్పుడు అక్బర్ మీద తిరగబడ్డవాడే. మూడు తరాలు వరసగా ఇదే జరుగుతుంటే దీన్ని ఒక్క మనిషి గుణం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

మన పాతవాళ్ళకి ఇది బాగా తెలుసు. అర్థశాస్త్రంలో రాకుమారుల నుంచి రాజును ఎలా కాపాడుకోవాలి అన్నదానికే ఒక అధ్యాయం ఉంది. రాజపుత్రులు ఎండ్రకాయల్లాంటివాళ్ళు, కన్నవాళ్ళనే తింటారు అన్న పూర్వాచార్యుడు భారద్వాజుడి అభిప్రాయాన్ని కౌటిల్యుడు అక్కడ ప్రస్తావిస్తాడు. భారద్వాజుడు చెప్పిన కఠినమైన మార్గాన్ని మాత్రం ఒప్పుకోడు.

పద్ధతి గట్టిగా ఉంటే గొడవ ఆగిపోతుందా? ఇది మీరు అడగలేదు గానీ క్లాసులో తప్పకుండా వస్తుంది. ఆగదు, చోటు మారుతుంది. టర్కీ కేంద్రంగా ఏలిన ఒట్టోమాన్ సుల్తానులు దీనికి మంచి ఉదాహరణ. గద్దెనెక్కిన సుల్తాన్ లోకక్షేమం కోసం తన అన్నదమ్ముల్ని చంపించవచ్చని రెండో మెహ్మద్ పేరిట ఉన్న చట్టమే చెప్పింది. 1595లో మూడో మెహ్మద్ గద్దెనెక్కి 19 మంది తమ్ముళ్ళని చంపించాడు. 1603లో వచ్చిన మొదటి అహ్మద్ మాత్రం తమ్ముడు ముస్తఫాని బతకనిచ్చాడు. క్రమంగా చంపడం తగ్గి, రాకుమారుల్ని అంతఃపురంలోనే నిర్బంధంలో పెట్టడం అలవాటైంది. వంశంలో వయసులో పెద్దవాడికి గద్దె అన్న పద్ధతి వచ్చింది. యుద్ధభూములు ఖాళీ అయ్యాయి, పోరు అంతఃపురంలోకి నడిచింది. 1640లో అలా నిర్బంధంలో ఉన్న రాకుమారుడు ఇబ్రహీంని గద్దె ఎక్కమని పిలవడానికి వెళ్తే అతను తలుపు తీయలేదట. అన్న నిజంగా చనిపోయాడని నమ్మక, శవాన్ని తెచ్చి చూపించేదాకా బయటికి రాలేదని చెబుతారు. అలా పెరిగినవాడు రాజ్యం ఏలాలి! ఏలింది ఎక్కువగా తల్లి కోసెమ్ సుల్తాన్, మంత్రులు, జానిసరీలనే సుల్తాన్ సొంత సైనికులు. ఇబ్రహీంని 1648లో దించి చంపారు. 1651లో కోసెమ్ కూడా అంతఃపురంలోనే హతమైంది.

ఇక్కడే నేను పిల్లలకి పదేపదే చెప్పే మాట: గద్దె మీద ఎవరున్నారు అన్నది ఒక ప్రశ్న, పెత్తనం ఎవరిది అన్నది వేరే ప్రశ్న. పరీక్షల కోసం రాజుల జాబితా బట్టీపట్టినవాళ్ళకి ఈ రెండోది అసలు తట్టదు.

విజయనగరం చూడండి. 1485లో సాళువ నరసింహుడు సంగమ వంశాన్ని తోసి గద్దె ఎక్కాడు. (సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులో రాజు మూడో రిచర్డ్ యుద్ధంలో చచ్చిపోయి ట్యూడర్ వంశంవాళ్ళు గద్దెకు వచ్చారు. అటువైపు మళ్ళీ వస్తాను.) నరసింహుడు పోయాక అతని కొడుకుల పేరు మీద తుళువ నరస నాయకుడు రాజ్యం నడిపాడు. నరస నాయకుడి కొడుకు వీరనరసింహుడు 1505లో ఆ పేరుకు ఉన్న రాజును కూడా తీసేసి తానే గద్దె ఎక్కాడు. సేనాని, ఆ తర్వాత సంరక్షకుడు, ఆ తర్వాత రాజు అన్నమాట. 1542లో అచ్యుతరాయలు పోయాక కథ ఇంకా ఘోరం. చిన్నపిల్లవాడైన వేంకటరాయలికి సంరక్షకుడిగా ఉన్న మేనమామ సలకరాజు తిరుమలుడు ఆ పిల్లవాణ్ణే చంపించాడు. అళియ రామరాయలు అతన్ని ఓడించాడు గానీ తాను గద్దె ఎక్కలేదు. సదాశివరాయల్ని కూర్చోబెట్టి, పెత్తనం తన దగ్గర ఉంచుకుని, కొన్నేళ్ళకి అతన్ని నిర్బంధంలో పెట్టాడు. ఏడాదికోసారి జనానికి చూపించేవారని విదేశీయులు రాశారు. 1565 తళ్ళికోట యుద్ధంలో తల పోయింది రామరాయలిది. శాసనాల్లో రాజు మాత్రం అప్పటికీ సదాశివుడే.

రామరాయలు తానే ఎందుకు ఎక్కలేదు? నా అంచనా చెబుతాను. తుళువ వంశపు రాజు పేరు ఉంటే మిగతా నాయకులు తల వంచడానికి ఒక సాకు దొరుకుతుంది. తానే ఎక్కితే ప్రతి నాయకుడూ ‘నువ్వయితే నేనెందుకు కాకూడదు’ అంటాడు. బొమ్మరాజు అవసరం అక్కడ పుడుతుంది.

రోమ్‌లో దీని వికృతరూపం చూడొచ్చు. క్రీ.శ. 193లో చక్రవర్తి పెర్టినాక్స్‌ని చంపిన అంగరక్షక దళం ఏకంగా సామ్రాజ్యాన్ని వేలం వేసింది. డిడియస్ జూలియానస్ మనిషికి 25,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇస్తానని పాడుకున్నాడు. 66 రోజులు ఏలాడు. సరిహద్దులో ఉన్న సైన్యాలకి ఆ వేలంతో పని లేదు కదా. అక్కడి సేనాని సెవెరస్ దిగి వచ్చి, ముందు ఆ అంగరక్షకుల్నే ఇంటికి పంపేశాడు.

రాజులు పోతే ఇది పోతుందనుకోవద్దు. 1922లో రష్యాలో స్టాలిన్ కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయినప్పుడు అదేదో ఫైళ్ళ ఉద్యోగం అనుకున్నారు. పేరు, ఉపన్యాసం, ఎర్రసైన్యం అతని ప్రత్యర్థి ట్రాట్‌స్కీవి. కానీ ఏ ఊళ్ళో ఎవరిని కార్యదర్శిగా వేయాలి, ఎవరిని బదిలీ చేయాలి అన్నది స్టాలిన్ ఆఫీసు నుంచి వెళ్ళేది. 1924లో లెనిన్ చనిపోయాక మహాసభల్లో చేతులెత్తేవాళ్ళు ఆ పోస్టింగుల మీద వచ్చినవాళ్ళే. ట్రాట్‌స్కీని 1927లో పార్టీలోంచి, 1929లో దేశంలోంచి వెళ్ళగొట్టారు. నన్నడిగితే అధికార చరిత్రలో అన్నిటికంటే తక్కువ అంచనా వేయబడ్డ ఆయుధం నియామకపు కాగితం.

ఇక సాహిత్యం. మీ రెండో ప్రశ్న, కథల్లో ఉన్నదే జరిగిందా అన్నది.

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే పోల్చడం సులువు. నాటకంలో ముసలి రాజు డంకన్ అతిథిగా వచ్చి నిద్రలో హత్యకు గురవుతాడు, హంతకుడు మాక్‌బెత్ పశ్చాత్తాపంతో కుళ్ళిపోతాడు, కొద్దికాలంలోనే కూలిపోతాడు. చరిత్రలో డంకన్ ముసలివాడు కాదు, 1040లో మాక్‌బెత్ మనుషులతో జరిగిన పోరులో చనిపోయాడు. మాక్‌బెత్ 1057 దాకా, అంటే 17 ఏళ్ళు ఏలాడు, మధ్యలో రోమ్ యాత్రకు వెళ్ళొచ్చేంత నిబ్బరంగా ఉన్నాడు. అప్పటి స్కాట్లండులో తండ్రి తర్వాత కొడుకు అన్న పద్ధతి స్థిరపడలేదు. రాజవంశపు శాఖల మధ్య గద్దె మారుతుండేది. ఆ లెక్కన మాక్‌బెత్‌ది కూడా ఒక హక్కే. మరి షేక్‌స్పియర్ దాన్ని పాపంగా ఎందుకు మార్చాడు? నాటకం రాసేనాటికి లండన్ గద్దె మీద ఉన్నది స్కాట్లండు నుంచి వచ్చిన జేమ్స్. ఆయన వంశం కథలో మాక్‌బెత్ తోటి సేనాని అయిన బాంకో నుంచి వచ్చిందని అప్పట్లో నమ్మేవారు. షేక్‌స్పియర్ ఆధారంగా తీసుకున్న గ్రంథంలో బాంకో హత్యలో భాగస్వామి. నాటకంలో నిర్దోషి. ఇంకేం చెప్పాలి!

మూడో రిచర్డ్‌ది కూడా అదే వరస. ట్యూడర్ల కాలంలో షేక్‌స్పియర్ రాసిన నాటకంలో అతను గూనివాడు, చెయ్యి ఎండిపోయినవాడు, రూపంలోనే రాక్షసుడు. 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగు కింద అతని అస్థిపంజరం దొరికింది. వెన్ను వంకర నిజమే, ఎండిన చెయ్యి మాత్రం లేదు. అతని అన్న కొడుకులైన ఇద్దరు పిల్లలు లండన్ టవర్ కోటలో మాయమైన సంగతి వేరే. దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. నేను రిచర్డ్‌ని వెనకేసుకు రావడం లేదు. ఓడినవాడి ఒంటిని కూడా గెలిచినవాళ్ళ కాలమే గీస్తుందని చెబుతున్నాను.

అలాగని సాహిత్యం అబద్ధం అని తోసేయకండి. చరిత్ర చెప్పలేని చోట అదే చెబుతుంది. భారతంలో గొడవ అంతా వారసత్వపు చిక్కే కదా. ధృతరాష్ట్రుడు పెద్దవాడు, గుడ్డివాడని గద్దె తమ్ముడికి వెళ్ళింది. మరి తర్వాతి తరంలో పెద్దవాడి కొడుకుదా, రాజైనవాడి కొడుకుదా? దుర్యోధనుడి వాదనలో కొంత బలం ఉందన్నది చాలామంది ఒప్పుకోరు గానీ, ఆ బలం లేకపోతే భీష్ముడు, ద్రోణుడు అంతకాలం ఆ సభలో కూర్చునేవాళ్ళే కాదని నా అభిప్రాయం. ఐదూళ్ళిచ్చినా చాలన్న రాయబారం ఎందుకు విఫలమైందో చూడండి. ఐదూళ్ళు ఇవ్వడమంటే వాళ్ళకీ హక్కుందని ఒప్పుకోవడం. దుర్యోధనుడు లెక్కపెట్టింది ఊళ్ళని కాదు. ఇలాంటి సూక్ష్మం ఏ శాసనంలోనూ దొరకదు.

అధికార పోరాటం గురించి ఒక్కటే చదవాలంటే నేను ముద్రారాక్షసం చదవమంటాను. విశాఖదత్తుడి ఈ నాటకంలో రంగం మీద పెద్ద యుద్ధం లేదు. నందులు పోయారు, చంద్రగుప్తుడు గద్దె మీద ఉన్నాడు, కానీ నందుల మంత్రి రాక్షసుడు లొంగలేదు. చాణక్యుడికి అతని ప్రాణం అక్కర్లేదు, అతను చంద్రగుప్తుడికి మంత్రి కావాలి. రాక్షసుడి ముద్రటుంగరం ఒక గూఢచారి చేతికి చిక్కుతుంది. ఆ ముద్రతో ఒక దొంగ ఉత్తరం తయారవుతుంది. అది రాక్షసుడికి అండగా ఉన్న రాకుమారుడు మలయకేతుడి కంటపడి, మిత్రపక్షమంతా అనుమానంతో చీలిపోతుంది. ఈలోగా చాణక్యుడు, చంద్రగుప్తుడు కౌముదీ మహోత్సవం వంకతో పోట్లాడుకున్నట్టు నటిస్తారు, రాక్షసుడు నమ్ముతాడు. చివరికి తన కుటుంబాన్ని దాచిన మిత్రుడు చందనదాసుణ్ణి వధ్యస్థానానికి తీసుకెళ్తుంటే, వాణ్ణి కాపాడుకోవడానికి రాక్షసుడు బయటికి వచ్చి మంత్రిపదవి ఒప్పుకుంటాడు. గమనించండి, అతన్ని ఓడించింది అతని విశ్వాసగుణమే. గెలిచినవాడు కూడా ఆ గుణం కోసమే అతన్ని కోరుకున్నాడు.

విజయనగరానికి సంబంధించిన ఒక కథ కూడా చెప్పాలి. వీరనరసింహరాయలు చావుబతుకుల్లో ఉండి, తన ఎనిమిదేళ్ళ కొడుకు రాజు కావాలని, తమ్ముడు కృష్ణరాయల కళ్ళు పీకించమని మంత్రి తిమ్మరుసుతో అన్నాడట. తిమ్మరుసు మేక కళ్ళు తెచ్చి చూపించి కృష్ణరాయల్ని కాపాడాడట. ఏళ్ళు గడిచాక కృష్ణరాయల కొడుకు తిరుమలరాయలు చిన్నతనంలోనే చనిపోతే, విషప్రయోగం నింద తిమ్మరుసు ఇంటి మీద పడి, అతని కళ్ళే పోయాయట. రాసింది న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు, గుర్రాల వ్యాపారి. ఇంత చక్కగా అతికిన కథని చరిత్రకారులు పూర్తిగా నమ్మరు, నేనూ నమ్మను. కానీ రాజధానిలో జనం ఏం చెప్పుకునేవారో దీంట్లో ఉంది. ఎంత పెద్ద మంత్రికైనా రాజు అనుమానం నుంచి రక్షణ లేదని ఆ నగరానికి తెలుసు. ఆమాటకొస్తే కృష్ణరాయలు కూడా గద్దెనెక్కగానే సొంత సోదరుల్ని చంద్రగిరి కోటలో పెట్టాడని ఇదే న్యూనిజ్ రాశాడు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. అధికార కథల్లో ఆడవాళ్ళు కనిపిస్తే కొంచెం ఆగి చదవండి. కైకేయి, లేడీ మాక్‌బెత్, పల్నాటి నాగమ్మ, నూర్జహాన్, కోసెమ్. అందరూ ‘కుట్రదారులే’. మగవాడు చేస్తే రాజనీతి, ఆడది చేస్తే కుట్ర. కొలువులో అధికారికంగా చోటు లేనివాళ్ళు అంతఃపురం నుంచి, కొడుకు ద్వారా, అల్లుడి ద్వారానే పని నడిపించాలి. చోటు దొరికినప్పుడు ఏమైందో రుద్రమదేవి దగ్గర చూడొచ్చు. తండ్రి గణపతిదేవుడే ఆమెను ఎంచుకున్నాడు, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. 1289లో ఆమె మరణాన్ని చందుపట్ల శాసనం నమోదు చేసింది. తన సామంతుడే అయిన కాయస్థ అంబదేవుడితో పోరులోనే ఆమె చనిపోయిందని చరిత్రకారులు భావిస్తారు.

పల్నాటి కథని కూడా ఇలాగే చదివి చూడండి. కోడిపందెం దగ్గర ఆగిపోకండి. ఒకే తండ్రి కొడుకులు నలగామరాజు, మలిదేవరాజు రాజ్యం పంచుకున్నారు. ఆ పంపకానికి పూచీ పడగల మూడో మనిషి ఎవరూ లేరు. పందెంలో ఓడి వలస వెళ్ళిన మలిదేవుడి పక్షంవాళ్ళు గడువు తీరాక తమ భాగం అడగడానికి పంపిన రాయబారి అలరాజుని విషం పెట్టి చంపారని కథ. నాగమ్మా, బ్రహ్మనాయుడా అన్న తగాదా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. ముందు ముద్రారాక్షసం పూర్తిచేసి, తర్వాత శ్రీనాథుడి పేరిట ఉన్న పల్నాటి వీరచరిత్ర పట్టుకోండి. ప్రతి ఘట్టం దగ్గరా సైన్యానికి జీతం ఎవరిచ్చారు, రాజు చెవి ఎవరి దగ్గరుంది అని పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్ళండి. సందేహం వస్తే ఘట్టం పేరు చెప్పి ఇక్కడే అడగండి, వీలు చూసుకుని రాస్తాను.